ఆటకు కావాలి, వేటకు వద్దా?

లైఫ్ జాకెట్ వేసుకుని వేటకు వెళ్లేవాడు పిరికివాడా? ఈ ప్రశ్న మా ఇంట్లో పుట్టింది. నవంబరులో మొదలై సంక్రాంతి దాటేదాకా నలిగింది. ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. తేలినంతవరకు రాస్తాను.

మాది గోపాల్‌పూర్. మా వీధిలో అందరూ వేట మీద బతికేవాళ్లే. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. ఊళ్లోవాళ్లు మమ్మల్ని నోలియాలు అంటారు. ఇంట్లో తాత, నాయనమ్మ, అమ్మ, నాన్న, అన్నయ్య, నేను. తాత ఇప్పుడు సముద్రం మీదికి పోవడం లేదు, ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తాడు. నాన్న పడవలో నలుగురు వెళ్తారు: నాన్న, అన్నయ్య, మరో ఇద్దరు. అన్నయ్య చదువు ఆపేసి వేటకు దిగి ఏడాదిన్నర అయింది. వాళ్లు తెచ్చిన చేపను అమ్మ బరంపురం బజారులో అమ్ముతుంది. పడవ లెక్కలు కూడా అమ్మే చూస్తుంది.

నేను ఎన్‌సీసీ నౌకా విభాగంలో ఉన్నాను. పోయిన నవంబరులో మమ్మల్ని చిలిక సరస్సు మీద శిబిరానికి తీసుకెళ్లారు. కయాక్ తొక్కడం, చిన్న తెరచాప పడవ నడపడం నేర్పించారు. తొక్కడం అన్నానని నవ్వకండి, తెడ్డుతోనే నడుపుతాం. మా జట్టులో ఒక అమ్మాయి మొదటి రోజు సైకిలు లాంటిదే అనుకుంది, అప్పటి నుంచి మాకు అదే మాట అలవాటయింది.

మేము దిగిన చోట నీళ్లు నా నడుం దాటలేదు. అయినా జాకెట్ వేసుకోకుండా ఒక్కరినీ పడవ ముట్టుకోనివ్వలేదు. ముందు మా అందరి బరువు చూసి రాసుకున్నారు. బరువును బట్టి, ఛాతీ కొలతను బట్టి జాకెట్ ఇచ్చారు. ప్రతి జాకెట్ మీద నంబరు ఉంది. నీళ్లలోకి వెళ్లేముందు ఒకసారి లెక్కపెట్టారు, వచ్చాక ఒకసారి లెక్కపెట్టారు. నాది 17వ నంబరు.

మూడో రోజు సాయంత్రం అలా వరుసలో నిలబడి "పదిహేడు" అని చెబుతుంటే నాకు ఒక్కసారి మా పడవ గుర్తొచ్చింది. నడుం లోతు నీళ్లలో ఆడుకునే నాకు జాకెట్, ఈల, నంబరు, రెండుసార్లు లెక్క. తీరం కనపడనంత దూరం పోయి వల వేసే మా నాన్నకు, అన్నయ్యకు ఇందులో ఏదీ లేదు. ఆటకు కావలసింది వేటకు వద్దా? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

శిబిరంలో నేను నేర్చుకున్న సంగతులు ముందు చెప్పాలి. ఎందుకంటే నేనూ అంతకుముందు జాకెట్లన్నీ ఒకటే అనుకునేదాన్ని.

తేలించే శక్తిని న్యూటన్లలో కొలుస్తారు. తొమ్మిదో తరగతిలో ఆర్కిమెడిస్ సూత్రం చదివాం కదా, అదే ఇక్కడ పనికొచ్చింది. పది న్యూటన్లు అంటే సుమారు ఒక కిలో బరువును పైకి నెట్టే శక్తి. నీళ్లలో మనిషి బరువును చాలా వరకు నీరే మోస్తుంది, తల పైన నిలవడానికి ఇంకొన్ని కిలోల సాయం చాలు. 50 న్యూటన్ల రకం ఈత వచ్చినవాళ్లకు, ఒడ్డుకు దగ్గరలో, పక్కన సాయం ఉన్నచోట. చేతులు బాగా ఆడతాయి కాబట్టి కయాక్‌కు ఇదే వాడతారు. కానీ స్పృహ తప్పినవాడిని ఇది వెల్లకిలా తిప్పదు. 100 న్యూటన్ల రకానికి మెడ వెనక కూడా దిండులా ఉంటుంది, అలలు పెద్దగా లేనిచోట ముఖాన్ని పైకి తిప్పగలదు. 150 న్యూటన్లు లోపలి సముద్రానికి. 275 న్యూటన్లు భారీ బట్టలు, బరువైన సామాను ఒంటి మీద ఉన్నవాళ్లకు.

సరిపోయిందో లేదో చూడటం సులువు. జాకెట్ వేసుకుని పట్టీలన్నీ బిగించి చేతులు పైకెత్తాలి. వెనక నుంచి ఒకరు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. అది గడ్డం దాటి చెవుల దాకా వస్తే పనికిరాదు, నీళ్లలో మనిషి కిందికి జారిపోతాడు, జాకెట్ మాత్రం పైన తేలుతుంది. ఈల ఎందుకంటే గొంతు ముందు అలిసిపోతుంది, ఈల ఊదడానికి ఊపిరి ఉంటే చాలు. రంగు నారింజ ఎందుకంటే నీలం రంగు నీళ్లలో కలిసిపోతుంది. మా సారు హిందీలో చెప్పినదాన్ని నేను తెలుగు పిల్లలకు ఇలా చెప్పాను: "పారిపోయేవాడికి నల్లబట్ట, దొరకాల్సినవాడికి నారింజ బట్ట."

మగపిల్లల కళ్లన్నీ మాత్రం వెట్‌సూట్ మీద ఉన్నాయి. సారు దగ్గర ఒకటి ఉంది. నల్లగా, ఒంటికి అతుక్కుని, సినిమా హీరో వేసుకున్నట్టు ఉంటుంది. దాని పేరులోనే ఉంది, అది ఒంటిని పొడిగా ఉంచదు. నియోప్రీన్ అనే రబ్బరు బట్టలో సన్న సన్న గాలి బుడగలు ఉంటాయి. సూటుకు, ఒంటికి మధ్య పలచగా నీటి పొర చేరుతుంది, ఒంటి వేడితో ఆ నీరు వెచ్చబడుతుంది. అందుకే సూటు బిగుతుగా ఉండాలి. వదులుగా ఉంటే కొత్త చల్లనీళ్లు వస్తూ పోతూ ఉంటాయి, ఎంత మందం సూటు కొన్నా దండగే. 3/2 అని రాసి ఉంటే ఛాతీ దగ్గర 3 మిల్లీమీటర్లు, చేతులకు కాళ్లకు 2 మిల్లీమీటర్లు అని అర్థం. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. కాబట్టి చల్లని సముద్రాల్లో ఎండ కాస్తున్నా సరే, గాలిని చూసి కాదు, నీటిని చూసి బట్ట వేసుకోవాలట.

"సార్, మాకెందుకు ఇవ్వరు?" అని ఒకడు అడిగాడు. సారు వాడి చెయ్యి పట్టుకుని నీళ్లలో ముంచి "చల్లగా ఉందా?" అన్నారు. లేదు. గోరువెచ్చగా ఉంది. "ఇక్కడ ఇది వేసుకుని రెండు గంటలు ఎండలో తెడ్డు వేస్తే నీకు వడదెబ్బ తగులుతుంది. నీకు కావలసింది ఎండ తగలని పలచటి పొడుగు చేతుల చొక్కా, టోపీ, తాగే నీళ్లు" అన్నారు.

నాకు ఇది పెద్ద పాఠంలా అనిపించింది. ఖరీదైనదాన్ని కొనడం జాగ్రత్త అనుకుంటాం. నిజానికి నా ప్రమాదం ఏదో నాకు తెలియడం జాగ్రత్త. మా బంగాళాఖాతంలో చలి మనిషిని చంపదు. అలల్లో పడవ తిరగబడటం చంపుతుంది. పక్కవాడి ప్రమాదానికి మందు నేను వేసుకుంటే నాది తగ్గదు.

ఇంటికొచ్చి మొదటి రోజే చెప్పాను, "నాన్నా, మన పడవకు జాకెట్లు కొనాలి" అని. నాయనమ్మ వంటగదిలోంచి "ఓలమ్మా, మగోలకి జాకెట్లేటే!" అని కేకేసింది. మన భాషలో జాకెట్టు అంటే ఆడవాళ్లు వేసుకునేదే కదా. ఇల్లంతా నవ్వారు. ఆ నవ్వులో నా మాట కొట్టుకుపోయింది. అన్నయ్య స్నేహితులు వారం రోజులు వాడిని ఏడిపించారు, "ఏరా, మీ చెల్లి నీకు జాకెట్టు కుట్టించిందా?" అని. నవ్వు కూడా ఒక అడ్డు అని అప్పుడు తెలిసింది. దెబ్బలాడితే జవాబు చెప్పొచ్చు. నవ్వేస్తే ఏం చెబుతాం?

నేను ఊరుకోలేదు. స్కాలర్‌షిప్ డబ్బులు కొన్ని దాచుకున్నాను, అమ్మ కొంత వేసింది. మా వ్యాయామం సారు భువనేశ్వర్ వెళ్తుంటే ఒక జాకెట్ తెప్పించాను. 100 న్యూటన్ల రకం. లోపల కుట్టిన చీటీ మీద ఉన్నదంతా ఇంగ్లీషే. నేను ఒక్కో ముక్క చదివి తెలుగులో చెబుతుంటే నాన్న వింటూ కూర్చున్నాడు. అంతా విని దాన్ని మడిచి గోడ మేకుకు తగిలించాడు. రెండు నెలలు అది ఆ మేకు మీదే ఉంది.

ఎందుకు వేసుకోరు? నేను ఒక్కొక్కరినీ అడిగాను. నాకు మూడు జవాబులు దొరికాయి. మూడూ ఆలోచించాల్సినవే.

మొదటి జవాబు అన్నయ్యది. "మాకు ఈత రాదా ఏటి? నడక కంటే ముందు ఈత నేర్సినోళ్లం."

దీనికి జవాబు రాయడం కష్టం, ఎందుకంటే అది మా వీధి జవాబు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా వీధి పడవ ఒకటి ఒడ్డుకు వస్తూ, ఇంకాసేపట్లో ఇసుక తగులుతుందనగా, కెరటానికి తిరగబడింది. అందులో ఉన్నవాళ్లలో ముగ్గురు వచ్చేశారు. ఒక చిన్నాన్న రాలేదు. మా వీధిలో ఆయనంత ఈతగాడు లేడు. పూరీ వెళ్లిన జనం సముద్రంలో కొట్టుకుపోతుంటే లాక్కొచ్చే పని కూడా కొన్నాళ్లు చేశాడు. పడవ అంచు ఆయన తలకు తగిలింది. స్పృహ తప్పినవాడికి ఈత వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. ఈత చేతుల్లో ఉండదు, మెలకువలో ఉంటుంది. 50 న్యూటన్ల రకం అయితే ఆయనను వెల్లకిలా తిప్పేది కాదని, 100 అయితే తిప్పి ఉండొచ్చని ఆ రాత్రి శిబిరంలో నేను లెక్కలు వేసుకున్నాను. నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం అదే. అంత పెద్ద కెరటాల్లో అది తిప్పగలిగేదో లేదో ఎవరూ గట్టిగా చెప్పలేరు. కానీ "తిప్పి ఉండొచ్చు" అనే మాట కూడా లేకపోవడం వేరు.

ఎంత గొప్పవాడైనా ఒకరోజు ఒంటరిగా తనను తాను కాపాడుకోలేడు. అభిలాష్ టోమీ అనే మన నావికాదళ అధికారి ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టి వచ్చిన మొదటి భారతీయుడు. ఆయన పడవే 2018 సెప్టెంబరులో హిందూ మహాసముద్రం దక్షిణాన తుఫానులో తిరగబడి తెరస్తంభాలు విరిగిపోయాయి. నడుము దెబ్బతిని కదల్లేని స్థితిలో ఉంటే ఇతర దేశాలవాళ్లు కూడా కలిసి వెతికి, ఒక ఫ్రెంచి ఓడ వచ్చి కాపాడింది. అలాంటి మనిషికే అవసరం వచ్చింది. ఆయన మళ్లీ అదే పోటీకి వెళ్లి 2023లో రెండో స్థానంలో నిలిచాడు. జాగ్రత్త తీసుకున్నందుకు ఆయన ధైర్యం తగ్గలేదు.

రెండో జవాబు తాతది. "మా అయ్య, మా తాత, అందరూ ఉత్తి గోచీతో ఎల్లి తిరిగొచ్చినోల్లే. గంగమ్మ తల్లి మీద నమ్మకం నేకపోతే సంద్రంలోకి ఎల్లడం ఎందుకమ్మా?"

తాతతో వాదన పెట్టుకోకూడదని నాకు తెలుసు. అందుకే వాదించకుండా అడిగాను, "తాతా, అప్పుడు మీరు దేని మీద వెళ్లేవాళ్లు?" అని. "తెప్ప" అన్నాడు. తెప్ప ఎలా కడతారో చెప్పమన్నాను. ఇక తాత ఆగలేదు. తేలికపాటి దుంగలు వెతికి తేవడం, చెక్కడం, తాళ్లతో బిగించి కట్టడం, వేట నుంచి వచ్చాక విప్పి ఒడ్డున ఆరబెట్టడం, అన్నీ చెప్పాడు. "తెప్ప తిరగబడితే?" అన్నాను. "తిరగబడితే ఏటవుద్ది? మల్లీ ఎక్కుతాం. దుంగ మునుగుద్దేటి?" అన్నాడు. అని తానే ఒక్క క్షణం ఆగాడు.

నాకు దారి అక్కడ దొరికింది. తెప్పకు అడుగూ లేదు, కడుపూ లేదు. నీళ్లు నిండటానికి చోటే లేదు. మనిషి పడినా చెయ్యి చాస్తే దుంగ దొరుకుతుంది. గాలి, తెడ్డు తప్ప వేరే బలం లేదు కాబట్టి మనిషిని వదిలేసి దూరం పోదు. అంటే మా ముత్తాత లైఫ్ జాకెట్ లేకుండా వెళ్లలేదు. ఆయన కూర్చున్నదే లైఫ్ జాకెట్ మీద! ఇప్పటి ఫైబర్ పడవ అలా కాదు. దానిలో నీళ్లు నిండుతాయి. దానికి మోటారు ఉంది. మనిషి పడ్డాడని చూసుకునేలోపు అది ముందుకు పోతుంది. మనం పడవ మార్చుకున్నప్పుడు వేగం వచ్చింది, చేప ఎక్కువ వచ్చింది. పాత పడవలో కనపడకుండా ఉన్న రక్షణ మాత్రం పోయింది. పోయిందని ఎవరూ గమనించలేదు, ఎందుకంటే దానికి పేరు లేదు. ధైర్యం మాత్రం పాతదే మిగిలింది.

నమ్మకం సంగతి కూడా అంతే. తాత గంగమ్మను నమ్మేవాడు, కానీ ముడి రెండుసార్లు వేసేవాడు. తూర్పున మబ్బు రంగు చూసి వెనక్కి వచ్చిన రోజులు ఉన్నాయని తనే చెప్పాడు. 2013లో ఫైలిన్ తుఫాను మా ఊరి దగ్గరే తీరం దాటినప్పుడు అందరం ఊరు వదిలి వెళ్లిపోయాం. నేను అప్పుడు చంటిపిల్లను. గంగమ్మ మీద నమ్మకం పోయి వెళ్లామా? లేదు. అమ్మ ఇచ్చిన బుద్ధిని వాడుకోవడం కూడా నమ్మకమే. బతికుంటే బలుసాకు తినొచ్చు అని మన పెద్దలే అన్నారు కదా.

తాత నా మాటకు అవుననలేదు. "గుంట సదువుకుంది" అని మాత్రం అన్నాడు. మెచ్చుకున్నాడో దెప్పాడో తెలియలేదు.

మూడో జవాబు నాన్నది. దీన్ని నేను ఓడించలేకపోయాను.

నాన్న అన్నాడు, "నలుగురం ఎల్తాం. జాకెట్ ఒకటి. పడవ తిరగబడితే అది ఏసుకున్నోడు తేలతాడు. మిగిలిన ముగ్గుర్నీ సూస్తా తేలాలి. ఒడ్డుకొచ్చాక ఆల ఇంటోల్ల మొకం ఎలా సూడాలి? అలాటి జాకెట్ నాకొద్దు."

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. పుస్తకాల్లో వెతికాను. ఇంగ్లండులో విట్బీ అనే రేవు ఉంది. 1861 ఫిబ్రవరి 9న పెద్ద తుఫాను వచ్చింది. అక్కడి ప్రాణరక్షక పడవవాళ్లు ఆ ఒక్కరోజే చాలాసార్లు వెళ్లి మునుగుతున్న ఓడల్లోని మనుషులను ఒడ్డుకు చేర్చారు. చివరిసారి వాళ్ల పడవే తిరగబడింది. 13 మందిలో 12 మంది చనిపోయారు. బతికింది హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే. కొత్త రకం బెరడు జాకెట్ వేసుకున్నది కూడా అతను ఒక్కడే. అతను సిగ్గుతో ఇంట్లో కూర్చోలేదు. తర్వాత ఎన్నో ఏళ్లు ప్రాణరక్షక పడవ మీదే పనిచేసి ఎంతోమందిని కాపాడాడు.

ఈ కథ నాన్నకు చెప్పాను. "చూశావా, ఒకరు బతికితే తర్వాత ఎంతమంది బతికారో! నువ్వు వేసుకోకపోతే ఆ ముగ్గురు బతుకుతారా? నీ జాకెట్ వాళ్ల దగ్గర లాక్కున్నది కాదు కదా!" అన్నాను. తేలుతున్నవాడు ఇంకొకడికి చెయ్యి ఇవ్వగలడు, మునిగేవాడు ఇవ్వలేడు. నా తర్కం సరిగ్గానే ఉందని ఇప్పటికీ అనుకుంటున్నాను.

నాన్న విని, "కథ బాగుంది. ఆ పన్నెండు మంది పిల్లలకి కూడా ఈ కథ బాగుంటాదా?" అన్నాడు.

అప్పటిదాకా నేను నాన్నది మొండితనం అనుకున్నాను. కాదు. అది న్యాయం. పడవలో నలుగురూ ఒకే పని చేస్తారు, ఒకే నీళ్లు తాగుతారు, ఒకే అలను దాటుతారు. అందులో ఒకడి ప్రాణానికి మాత్రం కంచె కడితే అది ఒక పడవ కాదు, రెండు పడవలు. నేను జాకెట్ కొన్నప్పుడు నాకు కనిపించింది నాన్న ఒక్కడే. మిగతా ముగ్గురిని నేను లెక్కపెట్టలేదు. శిబిరంలో నన్ను రెండుసార్లు లెక్కపెట్టారని గర్వపడ్డదాన్ని, నేనే లెక్క తప్పాను.

అక్కడ నాకు ఇంకో సంగతి అర్థమైంది. ఆటకు జాకెట్ ఎందుకు వస్తుంది, వేటకు ఎందుకు రాదు? ఆడుకునేవాళ్ల ప్రాణం ఎక్కువ, పనిచేసేవాళ్ల ప్రాణం తక్కువ అని ఎవరూ నోటితో అనరు. శిబిరంలో నా జాకెట్ వెనక ఒక సంతకం ఉంది. ఒకాయన మా అమ్మానాన్నలకు మాట ఇచ్చి సంతకం పెట్టి మమ్మల్ని తీసుకెళ్లాడు. మాకేమైనా అయితే ఆయన జవాబు చెప్పాలి. వేటకు వెళ్లేవాడి వెనక సంతకం లేదు. వాడికి వాడే పూచీ. అందుకే వాడి జాగ్రత్త వాడి ఇష్టం అయిపోయింది, ఇష్టం అయినది ధైర్యం పేరుతో పోయింది. జాగ్రత్త ఒక్కడి ఇష్టంగా ఉన్నంతకాలం వేసుకున్నవాడు పిరికివాడిలాగే కనిపిస్తాడు. అందరికీ నియమం అయిన రోజు ఎవరూ పిరికివాళ్లు కారు. చిలికలో మేము ముప్పై మందిమి జాకెట్లు వేసుకుంటే ఎవరూ ఎవరినీ చూసి నవ్వలేదు.

2017లో మన నావికాదళంలోని ఆరుగురు మహిళలు తారిణి అనే తెరచాప పడవలో భూమి చుట్టి రావడానికి గోవా నుంచి బయలుదేరి 2018 మేలో తిరిగి వచ్చారు. అందులో ఇద్దరు మన తెలుగువాళ్లు, విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య. వాళ్ల ఫోటో నా పుస్తకం అట్ట లోపల అంటించుకున్నాను. అలాంటి ప్రయాణాల్లో తుఫాను వేళ పైకి వచ్చేవాళ్లు నడుముకు, ఛాతీకి పట్టీ కట్టుకుని తాడుతో పడవకు తగిలించుకుంటారు. దాన్ని ఎవరైనా పిరికితనం అనగలరా? ఆ తాడు "నేను భయపడుతున్నాను" అని చెప్పదు. "నేను పడితే మిగతా ఐదుగురూ నాకోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారు, వాళ్లకు ఆ కష్టం పెట్టను" అని చెబుతుంది.

మా ఇంటి ముడి విప్పింది మాత్రం పుస్తకం కాదు, అమ్మ. సంక్రాంతి తర్వాత ఒక రాత్రి అమ్మ పడవ లెక్క రాస్తోంది. వచ్చిన డబ్బులో ముందు డీజిల్, ఐసు, తిండి ఖర్చు తీసేస్తారు. తర్వాత పడవకు వాటా, వలకు వాటా, మనిషికి వాటా. అమ్మ తల ఎత్తకుండానే అంది, "డీజిల్ ఎవరి వాటాలోంచి తీస్తన్నారు? ఎవరి వాటాలోంచీ కాదు. ముందే తీసేస్తన్నారు. జాకెట్లు కూడా అలాగే ముందు తియ్యండి. నాలుగు అయ్యేదాకా తియ్యండి. మోటారుకి డీజిల్ పోసినట్టే మనిషికి ఇది."

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. నాన్న కాసేపు బీడీ చేతిలో తిప్పుతూ కూర్చుని, "మిగతా ఇద్దర్నీ అడగాలి" అన్నాడు. మరునాడు అడిగాడు. ఒకాయన వెంటనే సరే అన్నాడు. రెండో ఆయన వల లాగేటప్పుడు అడ్డం వస్తుందని, ఎండకు ఉడికిపోతామని అన్నాడు. అది నిజమే. అందుకని రెండో జాకెట్ కొనేటప్పుడు చంకల దగ్గర బాగా కోసి ఉన్న రకం, వలకు తగులుకునే కొసలు బయట లేని రకం వెతికాం. కెరటాలు విరిగే చోటు దాటేటప్పుడు, ఒడ్డుకు వచ్చేటప్పుడు, రాత్రి వేళ తప్పకుండా వేసుకోవాలని మాట అనుకున్నారు. 100 న్యూటన్ల జాకెట్ మేకు మీద ఉంటే దాని శక్తి సున్నా న్యూటన్లే. కాబట్టి వేసుకోగలిగినదే మంచి జాకెట్.

ఇప్పుడు పడవలో రెండు జాకెట్లు ఉన్నాయి. ఇంకా రెండు రావాలి. ఈలోపు ఎవరు వేసుకోవాలి? ఈ ప్రశ్నకు పడవలో వాళ్లే జవాబు చెప్పుకున్నారు. ఈత తక్కువ వచ్చిన ఆయనకు ఒకటి. వయసులో చిన్నవాడు కాబట్టి అన్నయ్యకు ఒకటి. మూడోది వస్తే రెండో ఆయనకు. నాలుగోది నాన్నకు. పడవ నాన్నది కాబట్టి తన వంతు చివర అని నాన్నే చెప్పాడు.

అది న్యాయమేనని నాకు తెలుసు. నేను ఈ వ్యాసంలో ఇంతసేపు న్యాయం గురించే రాశాను. అయినా అది నాకు నచ్చలేదు. న్యాయంగా ఉన్న ప్రతిదీ మనసుకు నచ్చాలని లేదని ఇప్పుడు తెలిసింది. నేను కొన్న మొదటి జాకెట్, నాన్న కోసం కొన్నది, తెల్లవారుజామున ఇంకొకరి ఒంటి మీద సముద్రంలోకి వెళ్తుంటే నాకు కొంచెం కోపం, కొంచెం గర్వం రెండూ వస్తాయి.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. జాకెట్ వేసుకున్నవాడు పిరికివాడు కాదు. వేసుకోనివాడు కూడా ఎప్పుడూ మూర్ఖుడు కాదు, ఒక్కోసారి పక్కవాళ్లను వదిలి తాను ఒక్కడే బతకడం ఇష్టం లేనివాడు. మనం చేయాల్సింది ఆ ఇద్దరిలో ఎవరు గొప్పో తేల్చడం కాదు, అలాంటి ఎంపిక ఎవరికీ రాకుండా చూడటం. అందరికీ సరిపడా ఉంటే ధైర్యానికి ఈ పరీక్ష ఉండదు. ధైర్యం చూపించడానికి సముద్రంలో వేరే పనులు చాలా ఉన్నాయి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలూ పడవ ఒడ్డునే ఉంటుంది, నాన్న ఇంట్లోనే ఉంటాడు. అది తీరి పడవ మళ్లీ నీళ్లలోకి దిగే రోజుకు నాలుగూ ఉండాలని అమ్మ లెక్క పుస్తకంలో నా చేత్తో రాయించింది. నేను నాలుగు గీతలు గీసి, రెండింటి మీద అడ్డగీత పెట్టాను.

మన బడిలో చాలామంది పిల్లల ఇళ్లలో పడవలు ఉన్నాయి. పడవ లేనివాళ్ల ఇళ్లలో మోటారు సైకిల్ ఉంటుంది, హెల్మెట్ ఒకటే ఉంటుంది. ఈరోజు ఇంటికి వెళ్లాక ఎంతమంది వెళ్తున్నారో, ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి.